కట్టిన తర్వాత ఊడ్చేదెవరు? విశాఖలో శుభ్రత, సంస్కృతి, నగరపాలన

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం నుంచే సింహాచలం కొండ మెట్లలో మొదటిదైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయలు పగలడం మొదలవుతుంది. అక్కడ మొక్కి బయల్దేరిన జనం అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి, తిరిగి సింహగిరి పాదం చేరతారు. నడిచేది లక్షల మంది. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. దారి పొడవునా పందిళ్లు వేసి పులిహోర, మజ్జిగ, మంచినీళ్లు పంచుతుంటారు. ఆ ఒక్క రాత్రికి విశాఖ వీధులు గుడి ప్రాకారం అయిపోతాయి.

ఆ వట్టి పాదాల కింద గాజు పెంకు, ఎంగిలి ఆకు, పగిలిన కొబ్బరి చిప్ప లేకుండా చూడాల్సింది మహా విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ. మర్నాడు పొద్దెక్కేలోగా ఆ దారిని మళ్లీ మామూలు రోడ్డుగా మార్చాల్సిందీ ఆ సంస్థే. తాత్కాలిక మరుగుదొడ్లు ఎన్ని పెట్టాలి, జనం మధ్య నుంచి చెత్త బండి ఎట్లా కదలాలి, ప్రసాదం పంచే పందిరి పక్కన తొట్టె ఉందా లేదా అన్న లెక్కలు కుదిరిన ఏడాది యాత్ర హాయిగా సాగుతుంది. కుదరని ఏడాది ఆడవాళ్లు మంచినీళ్లు తాగడానికి కూడా జంకుతారు. ఇంత పెద్ద సాంస్కృతిక సందర్భం ఆఖరికి మరుగుదొడ్ల లెక్క దగ్గర నిలబడుతుందో పడుతుందో తేలుతుంది.

రాజ్యాంగం శుభ్రత, సంస్కృతి అనే ఈ రెండు పనులనూ ఒకే చోట పెట్టింది. 1992 నాటి 74వ సవరణ ద్వారా వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ అందులో ఒకటి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఇంకొకటి. సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను పెంపొందించడం మరొకటి. కాగితం మీద అన్నీ సమానమే. ఆచరణలో మాత్రం మొదటిది తప్పనిసరి బాధ్యత, చివరిది వీలైతే చేసే పని. చెత్త రెండు రోజులు ఎత్తకపోతే వార్డులో గొడవ అవుతుంది. ఒక సభా మందిరం రెండేళ్లు మూతపడి ఉన్నా కార్పొరేటర్ ఇంటి ముందుకు ఎవరూ వెళ్లరు. ఏ పని మీద ఒత్తిడి ఉంటే డబ్బు అటే పోతుంది. విశాఖలో శుభ్రతకు ఒక వ్యవస్థ ఏర్పడి, సంస్కృతికి ఏర్పడకపోవడానికి మూలం ఇక్కడుంది. అయితే శుభ్రతకు ఏర్పడిన ఆ వ్యవస్థ కూడా ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ డొల్లగా ఉందో చూడాలి.

తొమ్మిదేళ్లు పాలకవర్గం లేని నగరం

విశాఖ 1979లో నగరపాలక సంస్థ అయింది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలుపుకుని మహా విశాఖగా మారింది. 2013లో భీమునిపట్నం, అనకాపల్లి కూడా చేరాయి. భీమునిపట్నం 1861 నుంచి పురపాలక సంఘంగా ఉన్న ఊరు. దేశంలోనే పాత పురపాలక సంఘాల్లో ఒకటి అలా పెద్ద సంస్థలో ఒక మూల అయిపోయింది. ఇప్పుడు నగరంలో 98 వార్డులున్నాయి. ఒకే సంస్థ కింద వన్ టౌన్ ఇరుకు సందులు, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న కాలనీలు, మధురవాడ అపార్ట్‌మెంట్లు, జాలరిపేటలు, కొండవాలు బస్తీలు, ఇంకా పొలాలు మిగిలిన పల్లెలు అన్నీ ఉన్నాయి. వీటన్నిటికీ ఒకే తీరు చెత్త సేకరణ పనికిరాదు. బండి ఎక్కలేని కొండవాలు బస్తీలో మనిషి భుజం మీదే చెత్త కిందికి దిగాలి.

ఈ విస్తరణ జరిగిన కాలంలోనే నగరానికి ఎన్నికైన పాలకవర్గం లేకుండా పోయింది. 2007లో ఏర్పడిన కౌన్సిల్ గడువు 2012లో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. స్మార్ట్ సిటీగా ఎంపిక కావడం, హుద్‌హుద్ తుపాను తర్వాత నగరాన్ని నిలబెట్టుకోవడం, కేంద్రం జరిపే పరిశుభ్రత సర్వే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పేరు తెచ్చుకోవడం, అన్నీ ఆ తొమ్మిదేళ్లలో జరిగినవే. కౌన్సిల్ లేకపోయినా పనులు చురుగ్గా సాగాయని కొందరు దీన్ని మెచ్చుకుంటారు. ఆ మెప్పులో కొంత న్యాయం ఉంది, కానీ పోయినదాన్ని కూడా లెక్కపెట్టాలి. కమిషనర్ పైవాళ్లకు జవాబు చెబుతాడు. పైనుంచి ఏది కొలుస్తారో దాని మీద దృష్టి పెడతాడు. వీధి చివర గ్రంథాలయం తలుపు తెరుచుకుంటోందా అని ఢిల్లీ నుంచి ఎవరూ కొలవరు. ఆ ప్రశ్న అడగాల్సిన కార్పొరేటర్ తొమ్మిదేళ్లు లేడు.

2021లో కౌన్సిల్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానం నెగ్గి మేయర్ మారారు. ఆ నాలుగేళ్లలో కౌన్సిల్ హాల్లో ఎక్కువ సమయాన్ని పార్టీల బలాబలాలు, పోడియం దగ్గర నినాదాలు తినేశాయి. అసలు డబ్బు మంజూరయ్యేది స్టాండింగ్ కమిటీలో. అక్కడ వచ్చే పద్దులు చూస్తే సంస్థ మనసు తెలుస్తుంది. రోడ్లు, కాలువలు, పారిశుద్ధ్య బండ్ల అద్దెలు, కార్మికుల సరఫరా ఒప్పందాలు వరుసగా ఉంటాయి. మందిరాల నిర్వహణ, మ్యూజియం సిబ్బంది, పార్కులో సాయంత్రం కచేరీ లాంటివి ఎప్పుడో ఒకటి.

ర్యాంకు కొలిచేది, కొలవనిది

స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలైన 2016లో విశాఖకు అయిదో స్థానం వచ్చింది. 2017లో ఇండోర్, భోపాల్ తర్వాత మూడో స్థానం. 2018లో ఏడుకు, 2019లో 23కు జారింది. 2020, 2021లలో తొమ్మిది, ఆ తర్వాత 2022లోనూ 2023లోనూ నాలుగు. 2024-25 సర్వేక్షణ్‌లో పారిశుద్ధ్య కార్మికుల భద్రతకు సంబంధించి 'సఫాయి మిత్ర సురక్షిత్ షహర్' జాతీయ గుర్తింపు జబల్‌పూర్, గోరఖ్‌పూర్‌లతో పాటు విశాఖకూ దక్కింది.

ఇవి వట్టి అంకెలని కొట్టిపారేయడం అన్యాయం. ఈ పోటీ వల్లే ఇంటింటి చెత్త సేకరణ ఒక అలవాటుగా మారింది. వీధి చివర పొంగిపొర్లే డంపర్ తొట్టెలు చాలా చోట్ల పోయాయి. బహిరంగ మల విసర్జన తగ్గింది. ఇరవై ఏళ్ల కిందటి పూర్ణా మార్కెట్ వెనక సందులను చూసినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ 2017లో మూడో ర్యాంకు తెచ్చుకున్న నగరం రెండేళ్లకే 23కు పడిపోవడం కూడా అదే కథలో భాగం. సర్వే ప్రమాణాలు ఏటా మారతాయి, పోటీ నగరాలూ పెరిగాయి, నిజమే. అయినా మూడేళ్ల తర్వాత నాలుగుకు ఎగబాకిన నగరం మధ్యలో అంత జారిందంటే, శుభ్రత ఇంకా ఊపు మీదే నడిచింది గానీ అలవాటు మీద కాదు. సర్వే బృందం వచ్చే నెలల్లో గోడలకు కొత్త రంగులు, కూడళ్లలో కొత్త మొక్కలు కనిపిస్తాయి. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు, 2023 మార్చిలో జీ20 సమావేశానికి, 2025 జూన్ 21న లక్షల మందితో బీచ్ రోడ్డులో జరిగిన యోగా దినోత్సవానికి నగరం ఎంత మెరిసిందో అందరూ చూశారు. అతిథి వెళ్లిపోయాక మూడో నెలలో అదే డివైడర్ మొక్కకు నీళ్లు పోశారా అన్నది ఎవరి రిపోర్టులోనూ ఉండదు.

రుషికొండ బీచ్ ఈ విషయంలో మంచి పాఠం. 2020లో దేశంలో మొదటి విడత బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు దక్కిన ఎనిమిది తీరాల్లో అది ఒకటి. నీటి నాణ్యత, భద్రత, మరుగుదొడ్లు, చెత్త నిర్వహణ లాంటి 33 ప్రమాణాలు చూసి ఆ గుర్తింపు ఇస్తారు. 2025 మొదట్లో కుక్కలు తిరుగుతున్నాయని, చెత్త పేరుకుందని, మరుగుదొడ్లు, సీసీ కెమెరాలు సరిగా లేవని ఫిర్యాదులు వెళ్లాయి. జెండా దించారు. హడావిడిగా లోపాలు సరిదిద్దాక తిరిగి ఎగరేశారు. అక్కడ కట్టడాల్లో లోటేమీ లేదు. పోయినవన్నీ రోజూ చేయాల్సిన చిన్న పనులు. ఆ తీరం పర్యాటక శాఖ చేతిలో ఉంది, జీవీఎంసీ చేతిలో కాదు. అయినా జబ్బు ఒక్కటే: కట్టడానికి నిధి ఉంటుంది, కడగడానికి మనిషి ఉండడు.

చెత్త ఎక్కడికి పోతుంది

నగరంలో రోజుకు వెయ్యి టన్నులకు పైగా చెత్త పుడుతుంది. దశాబ్దాలుగా దాని గమ్యం కాపులుప్పాడ. భీమిలి దారిలో కొండల నడుమ పేరుకున్న ఆ గుట్ట నుంచి వచ్చే పొగ, కంపు, వానాకాలంలో కారే నల్లనీళ్లు చుట్టుపక్కల ఊళ్లు భరించాయి. నగరం ర్యాంకు తెచ్చుకున్న ఏడాది కూడా వాళ్లు భరించారు. ఇప్పుడు పాత గుట్టను బయోమైనింగ్ పద్ధతిలో జల్లెడ పట్టి మట్టి, ప్లాస్టిక్, రాయి వేరుచేసే పని సాగింది. అక్కడే 15 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు 2022 నుంచి చెత్తను కాల్చి కరెంటు తీస్తోంది.

ఈ ప్లాంటు నగరానికి పెద్ద ఊరటే. చెత్త గుట్టగా మారకుండా ఏరోజుది ఆరోజు తరగడం చిన్న విషయం కాదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ఇళ్లలో వచ్చే చెత్తలో ఎక్కువ భాగం కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం, కొబ్బరి పీచు, పూలు. తడి చెత్త సరిగా మండదు. బాగా మండేవి కాగితం, ప్లాస్టిక్, గుడ్డ పేలికలు. తడిని ఇంట్లోనే వేరు చేసి ఎరువుగా మార్చి, పొడిలో పనికొచ్చేదాన్ని మళ్లీ వాడుకోవాలన్నది 2016 నాటి ఘన వ్యర్థాల నియమావళి ఉద్దేశం. అలా చేస్తే ప్లాంటుకు వెళ్లాల్సింది బాగా తగ్గాలి. ప్లాంటుకు మాత్రం రోజూ నిండా చెత్త కావాలి. అంచేత వేరుచేయమని ఇంటింటికీ చెప్పడంలో సంస్థకు మునుపటి పట్టుదల సడలే ప్రమాదం ఉంది. ఇంట్లో వేర్వేరు బుట్టల్లో వేసినదాన్ని బండిలో ఒకే కుప్పగా పోయడం ఒక్కసారి కంటపడితే, ఆ ఇల్లాలు మర్నాటి నుంచి వేరు చేయదు. ఎందుకు చేయాలి? ఆమె నమ్మకాన్ని నిలబెట్టడానికి కావాల్సింది బండిలో రెండు అరలు, ఆ అరలు కలవకుండా చూసే మేస్త్రి. కోట్ల ఖర్చు కాదు.

చెత్త పన్ను సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 2021 అక్టోబర్ 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం కింద బండ్లు, బుట్టలతో పాటు ఇంటింటి నుంచి నెలనెలా రుసుము వసూలు కూడా వచ్చింది. ఇంటి పన్ను కడుతున్నాక మళ్లీ చెత్తకు వేరే ఏమిటని జనం కోపగించారు. సచివాలయ ఉద్యోగులు చెత్త తీయించడం మాని రుసుము వసూలుకు తిరగాల్సి వచ్చింది. కొత్త ప్రభుత్వం 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో దాని రద్దు ప్రకటించింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ బండి డీజిల్, డ్రైవరు జీతం రద్దు కాలేదు కదా. ఆ ఖర్చు సాధారణ నిధి మీద పడింది. సాధారణ నిధి బిగుసుకున్నప్పుడు మొదట కోత పడేది విచక్షణ పద్దులకే: పార్కులకు, హాళ్లకు, గ్రంథాలయాలకు. చెత్త ఖర్చుకూ కళల ఖర్చుకూ ఉన్న ఈ ముడి మీద బడ్జెట్ సమావేశంలో చర్చ జరగాలి.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. విశాఖ వాన నీళ్లు గెడ్డల గుండా, అంటే వాగుల గుండా, పోతాయి. కొండల మీది నీరు గెడ్డలో పడి కొంత సముద్రానికి, కొంత హార్బర్‌కు చేరడం ఈ ఊరి నైసర్గిక స్వరూపం. నగరం పెరిగి భూగర్భ డ్రైనేజీ అందని చోటల్లా ఇంటి మురుగు కూడా గెడ్డలోకే వదిలారు. అప్పుఘర్, నరవ లాంటి చోట్ల మురుగు శుద్ధి కేంద్రాలు వచ్చాయి, పని చేస్తున్నాయి. అయినా లాసన్స్ బే వైపు, జాలరిపేట దగ్గర ఇసుకలో నల్లటి పాయ సముద్రంలో కలవడం ఇప్పటికీ కనిపిస్తుంది. 2022 ఆగస్టు 26న 28 కిలోమీటర్ల తీరంలో వేలమంది కలిసి 76 టన్నుల ప్లాస్టిక్ ఏరారని ప్రకటించారు. ఆ రోజు ఏరిన చేతులకు దండం పెట్టాలి. ఆ ప్లాస్టిక్‌లో చాలా భాగం గెడ్డల్లో కొట్టుకొచ్చిందే అయినప్పుడు, గెడ్డ చివర ఒక ఇనుప వల, దాన్ని వారానికి రెండుసార్లు ఖాళీ చేసే మనిషి ఏడాది పొడవునా ఉంటే వచ్చే ఫలితం వేరు.

వన్ టౌన్‌లో, జ్ఞానాపురంలో, కాన్వెంట్ జంక్షన్ చుట్టూ ఇళ్ల మీద పడే నల్లటి దుమ్ము మరో కథ. అది పోర్టులో ఎత్తి దింపే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. ఎన్ని చీపుర్లు పట్టినా నగరపాలక సంస్థ దాన్ని ఆపలేదు. పోర్టుతో, కాలుష్య నియంత్రణ మండలితో గట్టిగా మాట్లాడే రాజకీయ బలం కౌన్సిల్‌కు ఉండాలి. శుభ్రతలో ఈ భాగానికి తీర్మానాలే చీపుర్లు.

చీపురు పట్టిన చేతులు

ర్యాంకు వచ్చిన రోజు అవార్డు అందుకునేది మేయరు, కమిషనరు. తెల్లారకముందే హాజరు పలికే మస్తర్‌కు వచ్చేవాళ్లు వేరే. ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఈ పని తరతరాలుగా రెల్లి కులస్తుల మీద పడింది. ఇవాళ ఇతర కులాల పేదలూ ఉన్నారు గానీ, కాలువలోకి దిగే పని దగ్గరకొచ్చేసరికి ఆ పాత గీత పూర్తిగా చెరగలేదు. మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. కాలువ శుభ్రం చేసే యంత్రాలు, చేతి తొడుగులు, బూట్లు కొంత వచ్చాయి. సురక్షిత నగరం అన్న గుర్తింపు వెనక ఆ మార్పు ఉంది. అది మంచి మార్పు.

2023 డిసెంబర్ చివర రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. 15,000 జీతం, 6,000 ఆరోగ్య భత్యం కలిపి 21,000 రూపాయల మీద బతుకుతూ, పర్మినెంట్ చేయాలని, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని అడిగారు. రెండు వారాల పాటు విశాఖ వీధుల్లో చెత్త కుప్పలు పడ్డాయి. దేశంలో నాలుగో పరిశుభ్ర నగరం పద్నాలుగు రోజుల్లో ఎట్లా తయారవుతుందో ఆ సంక్రాంతి ముందు జనం చూశారు. ఆ ర్యాంకు ఎవరి కష్టమో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయినా ఒప్పంద పద్ధతి అలాగే ఉంది.

హాళ్లున్నాయి, ఎవరివి?

ఇక సాంస్కృతిక వసతుల దగ్గరికి వద్దాం. పైకి చూస్తే విశాఖకు కొదవ లేదు. పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది, దాన్ని నడిపేది విశాఖ మ్యూజిక్ అండ్ డ్యాన్స్ అకాడమీ. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా నగరాభివృద్ధి సంస్థ అయిన వీఎంఆర్‌డీఏవి. సాలిగ్రామపురంలో కళావాణి పోర్టుది. విశ్వవిద్యాలయానికి, ఉక్కునగరానికి సొంత ఆడిటోరియాలున్నాయి. బీచ్‌లో 2002 నుంచి జలాంతర్గామి మ్యూజియంగా నిలిచిన కురుసుర వీఎంఆర్‌డీఏ చేతిలోనే ఉంది. తొట్లకొండ బౌద్ధ క్షేత్రం పురావస్తు శాఖది.

నగరపాలక సంస్థ చేతిలో మిగిలినవి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం, పాతనగరంలోని టౌన్‌హాల్, స్వర్ణభారతి ఇండోర్ స్టేడియం, పాత మున్సిపల్ స్టేడియం, వార్డుల్లోని సామాజిక భవనాలు, పార్కులు. ఎవరి హాలు వాళ్లదే. ఎవరి అద్దె వాళ్లదే. నాటక పరిషత్తు పోటీలు పెట్టుకున్న వారంలోనే ఇంకో చోట సంగీత సభ పడుతుంది, నెలంతా ఖాళీగా ఉండే హాలు మూడోది. ఏ హాలు ఏ తేదీన ఖాళీగా ఉందో ఒక్కచోట తెలిసే ఏర్పాటు లేదు. ఒక చిన్న నాటక సమాజానికి అందరికన్నా కష్టమైన పని ప్రదర్శన కాదు, రిహార్సల్. ఇరవై మంది నెల రోజుల పాటు సాయంత్రం రెండు గంటలు కూడడానికి ఒక గది కావాలి. పెద్ద ఆడిటోరియం అద్దె వాళ్లకు అందదు. సామాజిక భవనాలు పెళ్లిళ్లకు, పార్టీ సమావేశాలకు, లేదంటే ఏదో కార్యాలయానికి పోయాయి. కార్పొరేషన్ పాఠశాలల గదులు సాయంత్రం అయిదు తర్వాత తాళం వేసి ఉంటాయి. ఊరి నిండా గదులుండి, గది దొరక్క సమాజాలు చెదిరిపోవడం బాధ కలిగించే విషయం.

విశాఖ మ్యూజియం 1991లో మొదలైంది. సముద్రానికి ఎదురుగా ఉన్న పాత బంగ్లాలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబు అక్కడుంది. పాఠంలో ఎక్కడో దూరాన జరిగిందనుకున్న యుద్ధం మా ఊరి రేవు దాకా వచ్చిందా అని పిల్లలు కళ్లు విప్పార్చి చూసే వస్తువు అది. ఒక నగరపాలక సంస్థ సొంతంగా మ్యూజియం నడపడం తెలుగు నేల మీద చాలా అరుదు. దాన్ని గర్వంగా చెప్పుకోవాలి. కానీ మ్యూజియం అంటే వస్తువులు పెట్టిన గదులు మాత్రమే కావు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, కాగితం పెళుసవుతుంది, కర్ర ఉబ్బుతుంది. వాటిని కాపాడే శిక్షణ ఉన్న మనిషి, బడిపిల్లలకు కథలాగా చెప్పే మనిషి అక్కడ కావాలి. మన నగరపాలక సంస్థల్లో రోడ్డుకు ఇంజినీరు, చెత్తకు ఆరోగ్యాధికారి, పన్నుకు రెవెన్యూ అధికారి ఉన్నారు. సంస్కృతికి అధికారి లేడు. మ్యూజియం తలుపు ఏ విభాగానిదో సందర్శకుడికి తెలియనక్కర్లేదు, కానీ తుప్పు పట్టిన వస్తువుకు బాధ్యుడు ఎవరో కౌన్సిల్‌కు తెలియాలి.

టౌన్‌హాల్ కథా అలాంటిదే. వందేళ్లు దాటిన రాతి కట్టడం, పాత విశాఖ పెద్ద సభలు చూసిన చోటు. స్మార్ట్ సిటీ కాలంలో దాని మరమ్మతు చేపట్టారు. ఆ చుట్టుపక్కలే కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం ఉన్న మండపం ఉన్నాయి. నడుస్తూ చూడదగ్గ పాత నగరం మొత్తం ఒక కిలోమీటరు లోపలే ఉంది. అయితే అక్కడికి నడిచి వెళ్లే మనిషి మొదట దాటేది కాలువ కంపు, మార్కెట్ చెత్త. పునరుద్ధరించిన భవనం ముందు కూరగాయల వ్యర్థం కుళ్లుతుంటే ఆ భవనానికి పెట్టిన డబ్బులో సగం దండగ. వారసత్వ పరిరక్షణను ఒక విభాగానికి, మార్కెట్ శుభ్రతను ఇంకో విభాగానికి పంచిపెడితే వచ్చే ఫలితం ఇదే. పాతనగరంలో ఈ రెంటికీ ఒకే అధికారిని బాధ్యుణ్ని చేసి చూడటం పెద్ద ఖర్చు లేని ప్రయోగం.

బీచ్ రోడ్డులో గురజాడ, శ్రీశ్రీ, మరికొందరు కవులు, రచయితలు విగ్రహాలై నిలబడి ఉన్నారు. శ్రీశ్రీ ఈ ఊళ్లోనే పుట్టాడు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ ఊరి కోర్టుల్లో తిరిగి ఇక్కడి బీదవాళ్ల మాటను కథల్లోకి తెచ్చాడు. విగ్రహాల మీద కాకి రెట్టలు కడిగించడం నగరపాలక సంస్థ పనే, జయంతికి ముందు రోజు తప్పకుండా కడిగిస్తారు. వాళ్లు రాసింది చదువుకోవడానికి వార్డులో ఒక పఠన మందిరం ఉండటం అంతకన్నా అసలైన పని.

ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ఇక్కడే చాలామంది పన్ను చెల్లింపుదారులు గమనించని విషయం ఒకటి ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేయాలి. ఆ డబ్బు నగరపాలక సంస్థది కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించాలి. రాష్ట్రంలో చాలా పట్టణ సంస్థలు వసూలు చేస్తున్నంత శ్రద్ధగా అప్పగించవు. బకాయి పేరుకుంటుంది. అక్కడ పుస్తకాల కొనుగోలు ఆగుతుంది, పత్రికలు తగ్గుతాయి, ఖాళీ అయిన గ్రంథాలయాధికారి పోస్టు నిండదు. ఎండలో తిరిగి వచ్చి పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఫ్యాను తిరిగే గది కోసం వెతుక్కుంటారు.

అంటే సంస్కృతికి డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. పౌరుడు ఇచ్చేశాడు. రసీదులో ఉంది. ఏడాదికి వసూలైన సెస్సు ఎంత, అప్పగించింది ఎంత, మిగిలింది ఎంత అని మూడు అంకెలు బడ్జెట్ సమావేశంలో చదివించమని ఏ పార్టీ కార్పొరేటర్ అడిగినా ఎవరూ కాదనలేరు. నాలుగు వేల కోట్లు దాటే బడ్జెట్ ఉన్న సంస్థకు ఆ బాకీ తీర్చడం శక్తికి మించిన పని కాదు.

అలాగే హాళ్ల తేదీలన్నీ ఒక్కచోట చూపించే ఏర్పాటు. జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ, పోర్టు, విశ్వవిద్యాలయం కూర్చుని ఒప్పుకుంటే నెల రోజుల పని. పాఠశాలల్లో ఒకటి రెండు గదులు సాయంత్రాలు నాటక, సంగీత సమాజాలకు నామమాత్రపు అద్దెకు ఇచ్చి, ఊడ్చి తాళం వేసే బాధ్యత ఆ సమాజానికే రాసి అప్పగించవచ్చు. మరుగుదొడ్డి శుభ్రంగా లేని హాలుకు అద్దె వసూలు చేయకూడదన్న నియమం పెడితే హాళ్ల పరిస్థితి ఆరు నెలల్లో మారుతుంది. రాత్రి తొమ్మిదింటికి ప్రదర్శన ముగిశాక ఆడపిల్లలు ఇంటికి వెళ్లే దారిలో దీపాలు వెలగాలి, ఆఖరి బస్సు ఉండాలి. సభకు ఎంతమంది వచ్చారన్న లెక్కలో ఈ రెండూ ఎప్పుడూ కనిపించవు గానీ, రానివాళ్లు రాకపోవడానికి కారణం చాలాసార్లు అవే.

గిరి ప్రదక్షిణకు నెల ముందే అధికారులు సమావేశమవుతారు. ఏ కూడలిలో ఎన్ని మరుగుదొడ్లు, ఎక్కడ నీళ్ల ట్యాంకరు, ఏ షిఫ్టులో ఎంతమంది కార్మికులు అని కాగితం తయారవుతుంది. ఆ కాగితం తయారు చేయడం వాళ్లకు బాగా వచ్చు. అదే తీరు కాగితం ఒకటి టౌన్‌హాల్‌కు, ఒకటి మ్యూజియానికి, ఒకటి ప్రతి వార్డు పఠన మందిరానికి, ఏడాదిలో మిగతా 364 రోజులకూ రాయాలి. దాని కింద పేరు పెట్టి సంతకం చేసే అధికారి ఉండాలి. ఆ సంతకం ఎవరిదో కౌన్సిల్ మొదట తేల్చాలి.